ఆధారం కూడా అమానతే

విజ్ఞాన రంగంలో ముస్లిముల సేవలను గురించి వ్రాసే వ్యాసాలలో గత ఇరవై యేళ్లుగా ఒక వాక్యం తరచుగా కనిపిస్తున్నది. పరిశోధనా పత్రికకు వచ్చిన వ్యాసాన్ని అచ్చు వేయడానికి ముందు ఆ శాస్త్రం తెలిసిన ఇతరులకు చూపించి అభిప్రాయం తీసుకునే పద్ధతి, అంటే ఈనాడు పీర్ రివ్యూ అని అందరూ పిలిచేది, ఐరోపాలో పుట్టలేదనీ, తొమ్మిదవ శతాబ్దంలోనే ఇస్‌హాఖ్ ఇబ్నె అలీ రుహావీ అనే వైద్యుడు తన ‘అదబుత్తబీబ్’ గ్రంథంలో దానిని వర్ణించాడనీ ఆ వాక్యం సారాంశం. చదివినవారికి సంతోషం కలుగుతుంది. నాకూ కలిగింది. ఆ సంతోషంలో నేను ఒక తప్పు చేశాను.

కొన్నేళ్ల క్రితం ఒక త్రైమాసిక పత్రికవారు తమకు వచ్చిన ఒక వ్యాసాన్ని పంపి నా అభిప్రాయం అడిగారు. పై వాక్యం అందులో ఉంది. దాని కింద అధోజ్ఞాపికలో ‘అదబుత్తబీబ్’ పేరు కూడా ఉంది. భాషలో రెండు మూడు సవరణలు సూచించి, వ్యాసం బాగున్నది, అచ్చు వేయవచ్చునని వ్రాసి పంపాను. అది అచ్చయిన తర్వాత, అరబ్బీ చదువుకుంటున్న ఒక విద్యార్థి నాకు ఉత్తరం వ్రాశాడు. ఆ గ్రంథంలో ఏ అధ్యాయంలో ఈ విషయం ఉన్నదో చెప్పగలరా అని అడిగాడు. నేను వ్యాసకర్తను అడిగాను. తాను ఒక ఉర్దూ వ్యాసంలో చూశానని ఆయన చెప్పారు. ఆ ఉర్దూ వ్యాసం వ్రాసినవారు ఒక ఇంగ్లీషు వ్యాసంలో చూశారు. ఆ ఇంగ్లీషు వ్యాసకర్త మరొకరి వ్యాసంలో చూశారు. మూల గ్రంథాన్ని గానీ, దాని అనువాదాన్ని గానీ చేతిలోకి తీసుకున్నవారు ఈ వరుసలో ఒక్కరూ లేరు. పరిశీలకుడనే పేరుతో సంతకం చేసి పంపిన నేను ఈ వరుసలో చివరివాడిని.

ఇంతకూ ఆ గ్రంథంలో ఏమున్నది? రుహావీ నేటి టర్కీలోని ఉర్ఫా పట్టణానికి, నాటి రుహాకు చెందినవాడు. ఆయన మతం ఏదన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. క్రైస్తవుడని చెప్పినవారున్నారు, యూదుడని చెప్పినవారున్నారు. కనుక ఆయన పేరును ‘ముస్లిముల సేవలు’ అన్న శీర్షిక కింద వేయడానికే మొదట కొంత జాగ్రత్త కావాలి. ఇస్లామీయ నాగరికత నీడలో వికసించిన విద్య అనడం మేలు. వైద్యుని నడవడిని గురించి ఇరవై అధ్యాయాలలో వ్రాసిన ఈ గ్రంథం వ్రాతప్రతి టర్కీలోని ఎదిర్నె నగరంలో భద్రంగా ఉంది. మార్టిన్ లెవీ అనే విజ్ఞాన చరిత్రకారుడు దీనిని ఇంగ్లీషులోకి అనువదించగా, అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ 1967లో ప్రచురించింది.

రుహావీ చెప్పినది ఇది. వైద్యుడు రోగిని చూసిన ప్రతిసారీ రోగి పరిస్థితిని, తాను ఇచ్చిన మందును, చెప్పిన పథ్యాన్ని వ్రాసి పెట్టాలి. ఆ వ్రాతకు నకలు ఉండాలి. రోగి కోలుకుంటే సరే. మరణిస్తే, బంధువులు ఫిర్యాదు చేస్తే, ఆ కాగితాలను ఇతర వైద్యుల ముందు పెట్టాలి. చికిత్స శాస్త్రానుసారంగా జరిగిందా లేదా అని వారు తేలుస్తారు. జరగలేదని తేలితే వైద్యుడు జవాబు చెప్పుకోవాలి. ఇందులో పత్రిక లేదు, వ్యాసం లేదు, ప్రచురణ లేదు. ఉన్నది ఒక రోగి ప్రాణం, ఒక వైద్యుని బాధ్యత.

మరి ఈ మాట పత్రికల మీదికి ఎలా వచ్చింది? పొరపాటు ఒక పదంలో ఉన్నది. ఇంగ్లీషులో పీర్ రివ్యూ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఆసుపత్రులలో అది ఒక వైద్యుడు చేసిన చికిత్సను తోటి వైద్యులు పరిశీలించడం. పత్రికలలో అది ఒకరు వ్రాసిన వ్యాసాన్ని తోటి పండితులు పరిశీలించడం. 1997లో ఒక సౌదీ వైద్య పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం మొదటి అర్థంలోనే ఆ పదాన్ని వాడింది. 2002లో ‘ట్రెండ్స్ ఇన్ బయోటెక్నాలజీ’ పత్రికలో రేమండ్ స్పియర్ పత్రికల పరిశీలనా పద్ధతి చరిత్ర వ్రాస్తూ, రుహావీ వర్ణననే దానికి మొదటి ఉదాహరణగా చూపాడు. ఒక అర్థంలో బయలుదేరిన పదం మరొక అర్థంలో దిగింది. ఆ తర్వాత వ్రాసినవారందరూ దిగినచోటు నుంచే ప్రయాణం మొదలుపెట్టారు.

ఇది మనవారి బలహీనత మాత్రమే అనుకుంటే పొరపాటే. ఐరోపా వారి కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ప్రారంభించినప్పుడే పీర్ రివ్యూ పుట్టిందని వందల చోట్ల వ్రాశారు. వాస్తవంలో ఆనాడు ఏది అచ్చు వేయాలో ఓల్డెన్‌బర్గ్ తన సొంత నిర్ణయంతోనే చూసుకున్నాడు. సొసైటీ వారు పత్రికను తమ చేతికి తీసుకుని వ్యాసాల కమిటీని ఏర్పాటు చేసింది 1752లో. పరిశీలకులు వ్రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడం 1830ల నాటి మాట. ప్రసిద్ధమైన ‘నేచర్’ పత్రిక తన వ్యాసాలన్నిటికీ బయటి పరిశీలనను నియమంగా చేసుకున్నది 1973లో మాత్రమే. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదిస్తూ ‘ఫిజికల్ రివ్యూ’కు వ్యాసం పంపితే, సంపాదకుడు దానిని ఒక నిపుణునికి చూపించాడు. అచ్చు కాకముందే మరొకరికి చూపే అధికారం మీకు ఇవ్వలేదని ఐన్‌స్టీన్ కోపగించుకొని వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. అంతటి వాడికే ఆనాడు ఆ పద్ధతి వింతగా తోచింది. పేరు చెప్పని ఆ పరిశీలకుడు రాబర్ట్‌సన్ పట్టిన తప్పు నిజంగా తప్పేనని తర్వాత తేలింది. మరుసటి సంవత్సరం మరొక పత్రికలో ఆ వ్యాసం మారిన నిర్ణయంతో వెలువడింది. కనుక 1665 అన్నవారికీ, తొమ్మిదవ శతాబ్దం అన్నవారికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ ఈనాటి అలవాటును తమ పూర్వీకుల ఇంట్లో వెతికారు.

అయితే ఐరోపా వారి పొరపాటు కన్న మన పొరపాటు నన్ను ఎక్కువ బాధించడానికి కారణమున్నది. ఈ జబ్బుకు పేరు పెట్టి, దాని రకాలను విడదీసి, గ్రంథాలు వ్రాసినవారు మన హదీసువేత్తలే. దాని పేరు తద్లీస్.

హదీసు చెప్పే ఉల్లేఖకుడు తాను ఎవరి నోట విన్నాడో చెప్పాలి. ‘నేను విన్నాను’ అనవచ్చు, ‘మాకు చెప్పారు’ అనవచ్చు. గురువు ఎదుట చదివి వినిపించి ధ్రువపరచుకున్నదైతే దానికి వేరే మాట ఉంది. ఒకరి చేతివ్రాతలో చూసినదైతే ‘వజద్‌తు’, అంటే నాకు వ్రాతలో కనిపించింది అనాలి. ఎవరిద్వారా వచ్చిందో చెప్పలేనిదైతే ‘నాకు చేరింది’ అనాలి. ఇవన్నీ కాక ‘అన్’ అని ఒక చిన్న మాట ఉంది. ‘ఫలానా వారి నుండి’ అని దాని అర్థం. ఇందులో విన్నాడా, వినలేదా అన్నది తేలదు. తాను స్వయంగా వినని మాటను, మధ్యలో ఉన్న మనిషి పేరు దాచి, పైనున్న గురువు పేరుతో ఈ ‘అన్’ చేర్చి చెప్పేవాడు ముదల్లిస్. అతడు అబద్ధమాడాడని అనలేము, ఎందుకంటే ‘విన్నాను’ అని అతడు అనలేదు. కాని విన్నట్లు తోచేలా చేశాడు. ఇబ్నె హజర్ అస్ఖలానీ ఇలాంటి వారి పేర్లతో ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసి, వారిని ఐదు శ్రేణులుగా విభజించాడు. ఎప్పుడో ఒకసారి చేసినవారు ఒక శ్రేణి. ‘విన్నాను’ అని స్పష్టంగా చెబితే తప్ప ఎవరి ఉల్లేఖనం స్వీకరించరాదో వారిది మరొక శ్రేణి. ఎంతో గొప్ప విద్వాంసుల పేర్లు కూడా అందులో ఉన్నాయి. గొప్పవాడు కదా అని వదిలిపెట్టలేదు. ఒక్కసారి చేశాడు కదా అని పూర్తిగా తోసివేయనూ లేదు.

ఇప్పుడు మన అధోజ్ఞాపికను చూడండి. గ్రంథకర్త పేరు, గ్రంథం పేరు, సంపుటం, పుట సంఖ్య. గ్రంథాన్ని ఆసాంతం చదివినవాడూ ఇదే వ్రాస్తాడు, ఇంకొకరి వ్యాసం చివర నుంచి ఎత్తి వ్రాసుకున్నవాడూ ఇదే వ్రాస్తాడు. చూసినదానికీ, విన్నదానికీ, ఎత్తిపెట్టుకున్నదానికీ మన వద్ద ఒకే రూపం ఉన్నది. వెయ్యేళ్ల క్రితం ఉల్లేఖకుని వద్ద ఐదారు మాటలుండగా మన వద్ద ఒక్క ‘అన్’ మాత్రమే మిగిలింది. పుట సంఖ్య వేసి మరీ చెప్పే ‘అన్’ అది. మధ్యలో ఉన్న ఉర్దూ వ్యాసకర్త పేరు ఎందుకు వ్రాయలేదని మా వ్యాసకర్తను అడిగాను. మూల గ్రంథం పేరు వ్రాస్తే గౌరవంగా ఉంటుందని ఆయన అమాయకంగా జవాబిచ్చారు. పూర్వం ఉల్లేఖకులను తద్లీస్‌కు పురికొల్పిన కారణాలలో ఇదీ ఒకటి. ఉల్లేఖన పరంపరలో తనకన్న చిన్నవాడి పేరు, బలహీనుడి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడడం.

ఇక పరిశీలకుని సంగతి. ఉల్లేఖకుల గుణదోషాలను తూచే విద్యను ‘జర్హ్ వ తఅదీల్’ అన్నారు. జర్హ్ అంటే గాయపరచడం. ఒకరి విశ్వసనీయతను తప్పుపట్టడం. తఅదీల్ అంటే నమ్మదగినవాడని చెప్పడం. ఈ విద్యలోని కొన్ని నియమాలను పత్రికల పరిశీలకులకు చదివి వినిపించాలనిపిస్తుంది. కారణం చెప్పని నింద చెల్లదన్నది ఒకటి. ఇబ్నుస్సలాహ్ దీనిని స్పష్టంగా వ్రాశాడు. ఒకడు తప్పని భావించినది మరొకడి దృష్టిలో తప్పే కాకపోవచ్చు కనుక, ఏం తప్పో చెప్పాలి. ఈనాడు ‘ప్రచురణకు తగదు’ అని రెండు ముక్కలలో వ్రాసి పంపే పరిశీలకులు ఎందరో! సమకాలికులు ఒకరినొకరు అన్న మాటలను ఆధారం లేకుండా స్వీకరించరాదన్నది మరొక నియమం. ఇమామ్ మాలిక్ తన సమకాలికుడైన ముహమ్మద్ ఇబ్నె ఇస్‌హాఖ్‌ను ఎంత కఠినంగా నిందించారో చదువరులకు తెలుసు. అయినా ప్రవక్త జీవిత చరిత్రకు ఇబ్నె ఇస్‌హాఖ్ గ్రంథాన్ని ఆశ్రయించకుండా ఎవరూ ఉండలేకపోయారు. ఇబ్నె అబ్దుల్ బర్ తన ‘జామిఅ బయానిల్ ఇల్మ్’లో పండితులు పండితులను అన్న మాటలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ఒకే విషయం మీద పనిచేస్తున్న పోటీదారు చేతికి వ్యాసాన్ని పంపరాదని ఈనాటి సంపాదకులు చేసుకున్న నియమం దీనికి దగ్గరగా ఉంటుంది.

స్నేహం, బంధుత్వం కూడా అడ్డు కారాదు. ఇమామ్ బుఖారీ గురువులలో ఒకరైన అలీ ఇబ్నుల్ మదీనీని ఆయన తండ్రి ఉల్లేఖనాలను గురించి అడిగారట. ఇంకెవరినైనా అడగండి అన్నారట. వారు వదల్లేదు. ఆయన కాసేపు తలవంచుకొని, ఇది ధర్మానికి సంబంధించిన విషయం గనుక చెప్పక తప్పదని, తన తండ్రి బలహీన ఉల్లేఖకుడని చెప్పారని కథనం. నా విషయంలో వ్యాసకర్త నాకు తండ్రి కాదు, కనీసం బంధువు కూడా కాదు. అయినా ఆయనను నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. అంతకంటే, ఆ వాక్యం నిజమైతే బాగుండునని నాకే ఉంది. నొప్పించలేకపోవడం కన్న ఇదే పెద్ద దోషమని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంత చెప్పాక, పీర్ రివ్యూను కనిపెట్టినది రుహావీ కాకపోతే హదీసువేత్తలే కదా అని ఎవరైనా వ్రాయవచ్చు. దయచేసి వ్రాయవద్దు. హదీసువేత్తలు ప్రధానంగా తూచినది మనిషిని, అతని జ్ఞాపకాన్ని, అతని సత్యసంధతను, పరంపరలో కలయికను. పత్రిక పరిశీలకుడు తూచవలసినది వాదనను, ఆధారాన్ని. వారు తమ తీర్పును పేరుతో చెప్పారు. యహ్యా ఇబ్నె మయీన్ ఏమన్నాడు, అబూ హాతిమ్ ఏమన్నాడు అని ఈనాటికీ పేరుపేరునా తెలుస్తున్నది. నేటి పరిశీలకుడు సాధారణంగా పేరు దాచుకుంటాడు. దీనికి కారణాలు లేకపోలేదు. చిన్నవాడు పెద్దవాని తప్పు చూపాలంటే పేరు దాగడం అవసరమే. ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ మాత్రం 1999 నుంచి పరిశీలకుల పేర్లు రచయితలకు తెలియజేస్తున్నది. ఏది మేలన్నది తేలిన విషయం కాదు. నా మట్టుకు, నా పేరు ఆ వ్యాసం కింద అచ్చయి ఉంటే నేను గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి ఉండేవాడిని.

ఈ విద్యకు మన హైదరాబాదుతో ఉన్న సంబంధాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇబ్నె హజర్ ‘తహ్‌జీబుత్తహ్‌జీబ్’ను పన్నెండు సంపుటాలలో అచ్చు వేసింది. ఇబ్నె అబీ హాతిమ్ ‘కితాబుల్ జర్హ్ వత్తఅదీల్’ అచ్చయినది ఇక్కడే. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ అనే పండితుడు మక్కాకు వెళ్లిపోయే ముందు సుమారు పాతికేళ్లు ఈ సంస్థలో కూర్చొని, వ్రాతప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి, ఒక్కొక్క ఉల్లేఖకుని పేరు సరిచూశాడు. ఈనాడు కైరోలోనూ బైరూత్‌లోనూ దొరికే ప్రతులలో ఎన్నిటికో హైదరాబాదు ముద్రణే మూలం. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, హమ్మామ్ ఇబ్నె మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, డమాస్కస్ వ్రాతప్రతులను పోల్చి 1953లో ప్రకటించారు. ఇమామ్ అహ్మద్ ముస్నద్‌లో ఉన్న పాఠంతో కూడా సరిచూసి, ఎక్కడెక్కడ తేడా ఉన్నదో చూపారు. నేను చూశాను అని చెప్పగలిగిన విద్య అది.

అదే నగరం పేరు మరొక విధంగానూ లోకానికి తెలిసింది. 2007లో హైదరాబాదులో మొదలై వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పరిశీలన జరుగుతుందని చెప్పి సరిగా జరపకపోవడం, ఒప్పుకోని పండితుల పేర్లను సంపాదకవర్గంలో వేయడం, రుసుము సంగతి వ్యాసం తీసుకున్నాక బయటపెట్టడం ఆరోపణలు. 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. ఉద్యోగానికీ పదోన్నతికీ అచ్చయిన వ్యాసాల లెక్క అడిగినంత కాలం ఇలాంటి దుకాణాలకు బేరం ఉంటుంది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2019లో మంచి పత్రికల జాబితా ఒకటి తయారుచేసి, 2025లో దానిని మానేసింది. ఆ వ్యవహారం విశ్వవిద్యాలయాల వారు చూసుకుంటారు. డబ్బు తీసుకోని, పదోన్నతి ఇవ్వలేని, అయిదారు వందల ప్రతులు అచ్చు వేసుకునే చిన్న పత్రికలకు ఆ ఆశలు లేవు. మనకున్న ఆశ వేరు: మన గతం గొప్పదని వినాలన్న ఆశ. తప్పు మాటను లోపలికి రానివ్వడానికి అదీ చాలు.

విద్యార్థి ఉత్తరం వచ్చాక, ఆ పత్రికకు సవరణ వేయవలసిందని నేను వ్రాశాను. బ్రిటన్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు 1997లో మొదలుపెట్టిన ప్రచురణ నీతి సంఘం, తప్పు తెలిసిన వెంటనే దానిని పాఠకులకు కనపడేలా ప్రకటించడం సంపాదకుని బాధ్యత అంటుంది. దీనికి ఆ సంఘం వరకూ పోనక్కరలేదు. పాఠకుడు మన మాట నమ్మి తీసుకున్నాడు. అది అతని అమానత్. కాని సంపాదకులకు ఇది చిన్న విషయంగా తోచింది. దీనివల్ల ఎవరికి నష్టమని అడిగారు. మన పూర్వీకుల గౌరవాన్ని మనమే తగ్గించుకోవడం ఎందుకన్నారు.

నష్టం రుహావీకి. ఆయన చెప్పినది ఎంత పెద్ద మాటో ఈ వాక్యం దాచిపెట్టింది. రోగి చనిపోయాక కూడా వైద్యుడు తాను ఇచ్చిన మందుకు కాగితం మీద జవాబు చెప్పుకోవాలన్న మాట అది. ఈనాడు కూడా మన ఊళ్లలో చికిత్స కాగితాల నకలు అడిగితే ఎలాంటి జవాబు వస్తుందో పాఠకులకు అనుభవమే. ఆ మాటను తీసుకుపోయి పత్రిక ఆఫీసులో ఉత్తరాలు పంపే పద్ధతికి తాతగా నిలబెట్టాము. గౌరవం పెంచామనుకున్నాము. నష్టం ఆ విద్యార్థికి కూడా. ఒక వాక్యం మీద నమ్మకంతో వెతుకులాట మొదలుపెట్టి, చివరకు తన పెద్దలెవరూ ఆ పుస్తకం తెరవలేదని తెలుసుకున్నాడు. తర్వాత అతడు లెవీ అనువాదం సంపాదించి, సంబంధించిన పుటల నకలు నాకు పంపాడు. మీద ఒక్క మాటా వ్యాఖ్యగా వ్రాయలేదు.

సవరణ రెండు సంచికల తర్వాత వెలువడింది. చివరి పుటలో, చందా వివరాల కింద, చిన్న అక్షరాలలో. వ్యాసకర్త పేరు అందులో ఉంది. పరిశీలకుని పేరు లేదు.

ఆ తర్వాత నా వద్దకు పరిశీలనకు వచ్చే ప్రతి వ్యాసం రచయితకూ ఒక ప్రశ్న వ్రాసి పంపుతున్నాను: ఈ అధోజ్ఞాపికలలో మీరు స్వయంగా చూసినవి ఏవి, ఇతరుల వ్యాసాలలో చూసినవి ఏవి? రెండోవాటికి ఎవరి వ్యాసంలో చూశారో వారి పేరే వ్రాయండి. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఇది వ్యాసమా, హదీసు పాఠమా అని ఘాటుగా జవాబు వ్రాశారు. నేను మళ్లీ ఉత్తరం వ్రాయలేదు. నెల తిరిగాక వ్యాసం తిరిగి వచ్చింది. అధోజ్ఞాపికలలో సగానికి పైగా మారి ఉన్నాయి. ఇంతకు ముందు అరబ్బీ గ్రంథాల పేర్లు ఉన్నచోట ఇప్పుడు మూడు నాలుగు ఉర్దూ పుస్తకాల పేర్లు, రెండు చోట్ల ‘విన్నది’ అన్న మాట ఉన్నాయి. ప్రచురించవచ్చునని సంపాదకులకు వ్రాశాను. ఈసారి కింద నా పేరు వేయమని కూడా వ్రాశాను.